పాలు పడని టీ మనకి రుచిస్తుందా? ఏ టీ ఎలా పెట్టుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అల్లం టీ, ఇరానీ చాయ్ తప్ప ఇంకేదీ నోటికి ఎక్కడం లేదు. ఎవరో ఇచ్చిన డార్జిలింగ్ టీ, గ్రీన్ టీ పెట్టి చూస్తే చేదు, వగరు తప్ప ఏమీ తెలియలేదు. ఈ రకరకాల టీలు తాగేవాళ్ళకి నిజంగా రుచి తెలుస్తుందా, గొప్ప కోసం తాగుతారా?

గొప్ప కోసం తాగేవాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ రుచి మాత్రం తెలుస్తుంది. మరగబెట్టడానికని తయారైన పొడి వేరు, వేడినీళ్ళలో కాసేపు నాననిచ్చి తీసెయ్యడానికని తయారైన ఆకు వేరు. మనం రెండిటినీ ఒకే గిన్నెలో, ఒకే మంట మీద కాస్తాం. అక్కడే చెడుతుంది.

నేను తెనాలి వైపు పుట్టి పెరిగినవాణ్ణి. రైల్వే ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు గువాహటి మాలిగావ్‌లో ఉన్నాను, ఇప్పుడు హైదరాబాదు. మా చిన్నప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలకి కాఫీ, పొలం నుంచి వచ్చిన మనుషులకి టీ. కోస్తాలో చాలా ఇళ్ళలో ఈ పంక్తిభేదం నడిచింది, ఒప్పుకోవడానికి ఇష్టపడరు గానీ. అసలు మన దేశంలో ఊరూరా టీ తాగడమే పాత అలవాటు కాదు. తోటలు పెట్టించిన కంపెనీలు మొదట్లో ఎగుమతి గురించే ఆలోచించాయి. 1903లో వచ్చిన టీ సెస్ చట్టంతో ఎగుమతయ్యే టీ మీద పన్ను వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో బజార్లలో, రైల్వే స్టేషన్లలో జనానికి టీ పెట్టడం నేర్పించి మరీ అలవాటు చేశారు. కాబట్టి "మనది పాల టీ సంప్రదాయం" అని మరీ భీష్మించుకోనక్కర్లేదు.

ముందుగా ఒక సంగతి. బ్లాక్ టీ, గ్రీన్ టీ, వైట్ టీ, ఊలాంగ్ అన్నీ ఒకే మొక్క ఆకులు. అస్సాంలో పెద్దాకు రకం, చైనాలో చిన్నాకు రకం, అంతే. కోశాక ఏం చేశారన్నదే తేడా. ఆకుని నలిపి గాలికి వదిలితే ఎర్రబడుతుంది, అది బ్లాక్ టీ. కోసిన వెంటనే ఆవిరి పట్టో బాణలిలో వేయించో ఆ ఎర్రబడటాన్ని ఆపేస్తే గ్రీన్ టీ. సగంలో ఆపితే ఊలాంగ్.

మన ఇళ్ళలో వాడే గుండ్రటి పలుకుల పొడి సీటీసీ: క్రష్, టేర్, కర్ల్. పళ్ళున్న రోలర్ల మధ్య ఆకుని చిదిమి, చీల్చి, పలుకులుగా చుడతారు. 1930లో అస్సాంలోని అమ్‌గురి తోటలో విలియం మెకెర్చర్ అనే ఆయన తయారుచేసిన యంత్రంతో మొదలైంది. ఆకు కణాలన్నీ చితికిపోతాయి కాబట్టి రంగు, కడుపు నిండే చిక్కదనం నిమిషాల్లో దిగుతాయి, పాలు పోసినా రుచి మునిగిపోదు. పాల కోసం ఇంతకంటే మంచి పొడి లేదు. ఖరీదైన ఆకు తెచ్చి పాలల్లో మరిగించేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకోటి, "డస్ట్ టీ" అంటే నేల మీద ఊడ్చిన చెత్త అని చాలామంది అనుకుంటారు. కాదు. జల్లెడ పట్టినప్పుడు వచ్చే సన్నటి సైజు గ్రేడు పేరు అది. త్వరగా, చిక్కగా దిగుతుందని దక్షిణాదిలో దానికే గిరాకీ.

పాల టీలో నేను పాటించేది వరస. నీళ్ళు ముందు, అందులో దంచిన అల్లం, రెండు మూడు నిమిషాలు తెర్లనిచ్చి పొడి, ఇంకో రెండు నిమిషాలాగి పాలు, తర్వాత రెండు పొంగులు. అల్లం పాలల్లో నేరుగా వేస్తే ఒక్కోసారి విరుగుతుంది, ఎందుకంటే పచ్చి అల్లంలో పాల ప్రొటీన్‌ని విరిచే ఎంజైము ఉంది. నీళ్ళలో మరిగితే దాని జోరు పోతుంది. (చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు కావాలని వేడిపాలల్లో అల్లంరసం పోసి, గడ్డ కట్టించి, స్వీటుగా తింటారు.) బెల్లం టీ అయితే పొయ్యి మీంచి దించాకే బెల్లం కలపండి. యాలక్కాయ చివర్లో, మూత పెట్టే ముందు.

ఇరానీ చాయ్ దీనికి పూర్తిగా భిన్నం. బొంబాయి, పూనా మీదుగా వచ్చిన ఇరానీలు హైదరాబాదులో హోటళ్ళు పెట్టి అలవాటు చేసిన పద్ధతిలో డికాక్షను వేరు, పాలు వేరు. డికాక్షను మూత బిగించిన పాత్రలో సన్నటి సెగ మీద చాలాసేపు ఉడుకుతుంది. పాలు పక్కన చిక్కబడుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఇంట్లో కావాలంటే నీళ్ళు, పొడి, పంచదార గిన్నెలో వేసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసి, సిమ్‌లో ఇరవై నిమిషాలు ఉంచండి. చిక్కటి పాలు మూడొంతులయ్యేదాకా మరిగించండి. కప్పులో మూడో వంతు డికాక్షను, మిగతా పాలు. అంతసేపు ఉడికిన డికాక్షను విడిగా ఒక గుక్క తాగి చూడండి, నోరు ముడుచుకుపోతుంది. పాలు పడగానే ఆ వగరు మాయం. పాలల్లోని కేసిన్ అనే ప్రొటీన్ టీలోని వగరు పదార్థాలని పట్టేసుకుంటుంది, అదీ కిటుకు. చార్మినారు దగ్గర నిలబడి ఉస్మానియా బిస్కెట్ ముంచుకునే సుఖం మాత్రం ఇంట్లో రాదు. ప్రయత్నించి ఊరుకున్నాను.

ఇక పాలు లేని టీ. నాకు ఆ రుచి అంటించింది అస్సాం. మాలిగావ్ క్వార్టర్స్‌లో పక్కింటి బైదేవ్ (అక్కగారిని అలా పిలుస్తారు) సాయంత్రం పూట రొంగా సాహ్ ఇచ్చేది. ఎర్ర టీ అన్నమాట: పాలు లేవు, కొంచెం అల్లం, పక్కన బెల్లం ముక్క. బెల్లం కొరుక్కుంటూ టీ తాగాలి. టీలో కలిపితే ఒకే రుచి, కొరుక్కుంటే గుక్క గుక్కకీ ఒక రుచి. మొదటి వారం మర్యాద కోసం తాగాను, తర్వాత నేనే అడిగి పెట్టించుకున్నాను.

అక్కడ టీ అంటే సరుకు మాత్రమే కాదు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లాండు వ్యాపారికి అస్సాంలో టీ మొక్క సంగతి తెలిసింది సింగ్‌ఫో తెగవాళ్ళ ద్వారా. వాళ్ళు అప్పటికే తాగుతున్నారు. ఇప్పటికీ సింగ్‌ఫోలు వేయించిన ఆకుని వెదురు బొంగులో కూరి, పొగ మీద ఆరబెట్టి దాచుకుంటారు. దాన్ని ఫలాప్ అంటారు, పొగ వాసనతో విచిత్రంగా ఉంటుంది. తోటల్లో గడియారం మన టైముకి గంట ముందు నడుస్తుంది, "బాగాన్ టైమ్". సూర్యుడు అక్కడ తొందరగా లేస్తాడు మరి. ఇంకో మాట మనవాళ్ళకి తెలియాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ తోటల్లోకి కూలీలుగా తరలించిన జనంలో అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాలవాళ్ళూ ఉన్నారు. అక్కడి టీ తెగల్లో తెలుగు మూలాలున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మనం తాగే టీలో మనవాళ్ళ చెమట కూడా ఉందని అక్కడికి వెళ్ళేదాకా నాకు తట్టలేదు.

అస్సాం ఆకు టీ కొనాలంటే మే, జూన్ నెలల సెకండ్ ఫ్లష్ (ఏడాదిలో రెండో విడత చిగురు కోత) అడగండి. పొడి కాదు, "ఆర్థొడాక్స్", అంటే పొడుగు ఆకు. గ్లాసుడు మరిగిన నీళ్ళకి రెండు చెంచాలు (ఆకు తేలిక, చెంచాలో రెండు గ్రాములు కూడా పట్టదు), మూత పెట్టి నాలుగు నిమిషాలు, వడకట్టేయడమే. వేయించిన ధాన్యం వాసన వస్తుంది. పాల టీ నుంచి అటు దాటడానికి ఇదే తేలికైన మెట్టు. దీనికి చుక్క పాలు పోసినా పాపం లేదు.

డార్జిలింగ్‌కి మాత్రం పాలు వద్దు. 2004లో దేశంలో మొట్టమొదటి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చట్టపరంగా ఇచ్చేది) పొందిన సరుకు అదే. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా కోసేది ఫస్ట్ ఫ్లష్: లేత రంగు, పూల వాసన, పేరుకి బ్లాక్ టీయే గానీ ఆకులో పచ్చదనం కనబడుతూనే ఉంటుంది. మే, జూన్‌లది సెకండ్ ఫ్లష్: పండిన ద్రాక్ష వాసన. ఆ వాసనకి ఒక కారణం చిన్న పచ్చదోమలు ఆకు రసం పీల్చడమట! పురుగు కొరికిందని మొక్క తయారుచేసుకునే రసాయనాలు మనకి సువాసన అవుతాయి. పంటకి పురుగు పడితే సంతోషించే రైతుని అక్కడే చూస్తాం. పొయ్యి ఆపాక అర నిమిషం ఆగి నీళ్ళు పోయండి, మూడు నిమిషాలకి మించొద్దు. మూత తీసి ముందు తడిసిన ఆకుని వాసన చూడండి. సగం ఆనందం అక్కడే ఉంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద టీ బోర్డు వారి గుండ్రటి ముద్ర, అందులో ఆకు పట్టుకున్న స్త్రీ బొమ్మ ఉందో లేదో చూసుకోండి.

గ్రీన్ టీ చేదెక్కడానికి తొంభైపాళ్ళు కారణం మరిగే నీళ్ళే. దానికి 75 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు. థర్మామీటరు అక్కర్లేదు: రెండు గ్లాసుల మరిగిన నీళ్ళలో ఒక గ్లాసు మామూలు నీళ్ళు కలిపితే ఇంచుమించు అంతకే వస్తుంది. రెండు నిమిషాలు నానితే చాలు. మళ్ళీ అదే ఆకులో ఇంకోసారి పోసుకోవచ్చు, రెండో విడతే బాగుంటుందని నా అభిప్రాయం. జపాను సెంచా ఆవిరి పట్టినది, ఆకుకూర వాసన. చైనా లాంగ్‌జింగ్ బాణలిలో వేయించినది, కమ్మగా ఉంటుంది. మన నాలుకకి రెండోది దగ్గర. బరువు తగ్గుతామని మూతి విరుచుకుంటూ టీ బ్యాగులు తాగేవాళ్ళకి మాత్రం నా దగ్గర సలహా లేదు.

నీలగిరి టీని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు, దగ్గరిది కాబట్టేమో. కూనూరు, కోటగిరి వైపు ఏడాది పొడుగునా కోస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలపు ఆకు మంచి సువాసన. చల్లార్చినా మబ్బు పట్టకుండా తేటగా ఉండటం దాని గొప్ప గుణం. రెంటచింతల ఎండల్లో నాకు తెలిసిన మంచి మందు ఇది: లీటరు చల్లటి నీళ్ళలో పది గ్రాముల ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున వడకట్టి నిమ్మచెక్క పిండండి. పొయ్యి వెలిగించే పనే లేదు, వగరు కూడా ఉండదు.

కశ్మీరు నూన్ చాయ్ గురించి ఒక్క ముక్క: గ్రీన్ టీ ఆకుని వంటసోడాతో గంటలకొద్దీ మరిగిస్తే ఎర్రబడి, పాలు పోయగానే గులాబి రంగుకి వస్తుంది, ఉప్పు వేసి తాగుతారు. ఒకసారి రుచి చూడాల్సిందే, రోజూ నావల్ల కాదు. శంఖుపుష్పం "బ్లూ టీ" అసలు టీ కాదు. కానీ గోడ మీద తీగ ఉంటే నాలుగు పూలు వేడినీళ్ళలో వేసి, పిల్లల ముందు నిమ్మరసం పిండండి, నీలం ఊదాగా మారుతుంది. రుచి శూన్యం, వినోదం నిండుగా.

ఇన్ని చెప్పి నీళ్ళ మాట చెప్పకపోతే దండగ. హైదరాబాదు బోరునీళ్ళతో ఏ ఆకు పెట్టినా పైన మెరిసే తెట్టు కడుతుంది. నీళ్ళలోని కాల్షియం టీలోని పదార్థాలతో కలిసి చేసే పని అది. రంగు మందంగా, రుచి చప్పగా ఉంటుంది. ఖరీదైన ఆకు కొనేముందు మంజీరా నీళ్ళో ఫిల్టరు నీళ్ళో వాడి చూడండి. నా దృష్టిలో కెటిల్, గాజు కప్పులు, వెదురు చెంచాలకంటే ఇదే ముఖ్యం. స్టీలు గిన్నె, మూత, సన్నటి టీ వడకట్టు ఉంటే సరంజామా అయిపోయినట్టే.

రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు అన్నం తిన్న వెంటనే ఏ టీ తాగొద్దు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది, గంట ఆగండి.

మొదట యాభై గ్రాముల అస్సాం ఆర్థొడాక్స్, యాభై గ్రాముల నీలగిరి కొనండి, డార్జిలింగ్ తర్వాత. గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని చోట దాచండి. ఫ్రిజ్ వద్దు, తేమ పడుతుంది. పోపులపెట్టె పక్కన అసలే వద్దు. టీ ఆకు ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది, ఇంగువ టీ తాగాలని ఎవరికీ ఉండదు.