శాంక్షనైన లీవ్ రద్దు చేస్తే టికెట్ డబ్బులు ఎవరు పెట్టుకోవాలి?

బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తున్న మీరు, రెండు వారాల లీవ్ శాంక్షన్ చేసి, ప్రయాణం వారం ఉందనగా మేనేజర్ రద్దు చేశాడని రాశారు. బాస్‌కి కోపం వస్తుందేమో, వీసాకి ఇబ్బందేమో అని చాలా అడిగారు. టికెట్లకి ఎంత పెట్టారో, అందులో ఎంత వెనక్కొస్తుందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఇంతే. నేనైతే ముందు ఆ లెక్కే చూస్తాను.

బ్రిటన్ చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, మిగతాది ఏకాస్ (ఉద్యోగ తగాదాల్లో ఉచితంగా సలహా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో చూసుకోండి. 1998 నాటి వర్కింగ్ టైమ్ నిబంధనల ప్రకారం, సెలవు ఎన్ని రోజులో కనీసం అన్ని రోజుల ముందు రద్దు సంగతి చెప్పాలి. ఆ లెక్కన రెండు వారాల సెలవుకి వారం ముందు చెప్పడం చాలదు. కానీ కాంట్రాక్ట్‌లో వేరే గడువు ఉంటే అది వర్తిస్తుంది. కాబట్టి ముందు మీ కాంట్రాక్ట్ తీసి చదవండి.

నేను వచ్చిన కొత్తలో నాకూ ఇలాగే జరిగింది. ప్రాజెక్ట్ గో-లైవ్ తేదీ మారింది. మేనేజర్ నా సీటు దగ్గరికొచ్చి, "ఈసారికి ఆగగలవా?" అని మర్యాదగానే అడిగాడు. పెద్దవాడు అడిగితే కాదనకూడదని పెరిగినవాణ్ణి, "నో ప్రాబ్లమ్" అనేశాను. ఇంటిల్లిపాదికీ కొన్న టికెట్లు, అన్నీ రీఫండ్ లేనివే. వాటి సంగతి నేనూ ఎత్తలేదు, ఆయనా అడగలేదు. ఎయిర్‌లైన్‌కి ఫోన్ కూడా చెయ్యకుండా ఊరుకున్నాను. ఆ డబ్బు పూడ్చుకోవడానికి చాలాకాలం పట్టింది, నెలాఖరు వస్తుందంటే టెన్షనే. కొన్నాళ్లకి తెలిసిందేమిటంటే, మా టీమ్‌లోనే ఇంకొకతను రసీదులు జతచేసి కంపెనీకి ఒక మెయిల్ పెట్టి మొత్తం రాబట్టుకున్నాడు. వెళ్లి మేనేజర్‌ని అడిగితే, "నువ్వు నో ప్రాబ్లమ్ అన్నావు కదా, నష్టమేమీ లేదనుకున్నాను" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ఇక్కడ నోరు తెరిచి చెప్పని నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

తర్వాత ఇంకో ఉద్యోగంలో మళ్లీ అదే పరిస్థితి వచ్చింది. ఈసారి నోటిమాటగా అవుననలేదు, కాదనలేదు. "చూసుకుని మెయిల్ పెడతాను" అన్నాను. లీవ్ ఏ రోజు శాంక్షనైందో, ఆ తర్వాతే టికెట్ కొన్నానని, ఎంత పోతుందో రాశాను. నా పని ఇంకొకరికి అప్పగించి వెళ్లనివ్వండి, లేదా తేదీ మార్చడానికయ్యే ఖర్చు కంపెనీ భరించాలి అని రెండు దారులు చూపించాను. రెండోదానికి ఒప్పుకున్నారు. కోపాల్లేవు, గొడవల్లేవు. నాలాంటివాడికి సాధ్యమైనప్పుడు చదువుకున్న మీకు కాకపోదు.

పంతానికి పోయి విమానం మాత్రం ఎక్కకండి. స్పాన్సర్‌షిప్ మీద, అంటే కంపెనీ పూచీతో వచ్చిన వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా వరుసగా 10 పనిదినాలు దాటి రాకపోతే, కంపెనీ హోం ఆఫీస్‌కి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖకి) చెప్పి తీరాలి. అంతకంటే ముందే ఉద్యోగం పోయినా పోవచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆదుకుంటుందని కూడా ఆశ పెట్టుకోకండి. సెలవు రద్దైతే డబ్బిచ్చే పాలసీలు చాలావరకు సైన్యం, పోలీసు వంటి ఉద్యోగాలవాళ్లకే.

అందరూ వదిలేసే డబ్బు ఇంకోటుంది. బ్రిటన్ నుంచి బయల్దేరే టికెట్‌లో ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అనే పన్ను కలిసి ఉంటుంది. మీరు ఎక్కకపోతే ఎయిర్‌లైన్ ఆ పన్ను ప్రభుత్వానికి కట్టక్కర్లేదు. అడిగితే చాలా ఎయిర్‌లైన్లు తిరిగిస్తాయి, కొన్ని సర్వీస్ చార్జీ పట్టుకుంటాయి. అడక్కపోతే వాళ్లకే మిగులుతుంది. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే అది చిన్న మొత్తమేమీ కాదు.

ఇకమీదట లీవ్ రాతపూర్వకంగా శాంక్షనయ్యాకే టికెట్ కొనండి. కాస్త ఎక్కువైనా తేదీ మార్చుకునే రకమే తీసుకోండి. ఇప్పటికి మాత్రం ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి తేదీ మార్పుకి ఎంతవుతుందో కనుక్కుని, ఆ అంకెతో ఈ రాత్రికే మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. హెచ్‌ఆర్‌ని కాపీలో ఉంచండి.