రుణశేషం కన్నా ముందు వ్రణశేషం చూడండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. తెనాలిలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకురాలిని, జీతం 38,000 రూపాయలు. మా వారికి మోటారు వైండింగు షాపు ఉంది. నెలకు సుమారు 30,000 మిగులుతుంది. బాబు ఇంటర్ రెండో సంవత్సరం, పాప ఎనిమిదో తరగతి. 2023 ఆగస్టులో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ 2024 జూన్‌కల్లా పూర్తయ్యాయి. మొత్తం 11.60 లక్షలు ఖర్చయింది. అందులో కుటుంబ ఆరోగ్య బీమా పాలసీ నుంచి 5 లక్షలు వచ్చాయి, మా డిపాజిట్లు 2.40 లక్షలు వాడేశాం, మిగతాది అప్పు: బంగారం మీద 1.80 లక్షలు, తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి చేబదులు 2.40 లక్షలు. సంక్రాంతి తర్వాత నా రికరింగ్ డిపాజిట్ గడువు తీరితే వచ్చిన 90,000 మొత్తం చేబదులుకే కట్టేశాం. మార్చిలో నడుం నొప్పి వస్తే డాక్టరుగారు స్కానింగ్ చేయించమన్నారు. దేవుడి దయవల్ల ఏమీ లేదు. దానికి ఒక యాప్‌లో అప్పు తీసుకున్నాం, ఇంకా రెండు వాయిదాలు ఉన్నాయి. ఇప్పుడు చిట్టీ పాడుకుంటే 2,76,000 చేతికి వస్తుంది. రుణశేషం ఉంచకూడదని, ఆ డబ్బుతో అన్ని అప్పులూ ఒకేసారి తీర్చి, చాలని 76,800 అదే యాప్‌లో తీసుకుందామని మా వారు అంటున్నారు. జూన్ 18న పాలసీ ప్రీమియం 28,600 కట్టాలి. జబ్బు తగ్గిపోయింది కదా, పాలసీ మానేసి తర్వాత చౌకగా కొత్తది తీసుకోవచ్చని మా బావగారు సలహా ఇచ్చారు. కొత్తదానిలో పాత జబ్బు రాయకపోయినా ఫర్వాలేదని ఏజెంటు కూడా చెప్పాడు. బాబు ఇంజినీరింగు కోసం సిప్ (మ్యూచువల్ ఫండులో నెలనెలా పెట్టుబడి) కూడా మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఏం చేయమంటారు? (పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు మీ ఉత్తరంలోనే, మార్చి నెల సంగతి రాసిన చోట ఉంది. దానిని మీరు మూడు వాక్యాలలో ముగించారు. ఉత్తరంతో పాటు పంపిన ఖర్చుల కాగితంలో మాత్రం ఆ రెండు రోజుల లెక్క పైసాతో సహా ఉంది: పెట్-సీటీ స్కానింగుకు 18,500, తెనాలి నుంచి హైదరాబాదు వెళ్లి రావడానికి అద్దె కారుకు 9,500, బసకూ భోజనానికీ 3,600, రక్తపరీక్షలకూ డాక్టరు ఫీజుకూ 4,000, మొత్తం 35,600 రూపాయలు. యాప్ మీకు 40,000 మంజూరు చేశానని చెప్పి, ప్రాసెసింగ్ రుసుము, ఇతర చార్జీల పేరుతో 4,400 ముందే కోసుకుని, సరిగ్గా ఆ 35,600 మీ ఖాతాలో వేసింది. ఇప్పుడు నెలకు 11,400 చొప్పున నాలుగు వాయిదాలలో 45,600 రాబట్టుకుంటోంది.

నాలుగు నెలలకు పదివేలే కదా అనుకున్నట్టున్నారు. ప్రతి నెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి, మన ఊళ్లలో చెప్పుకునే లెక్కలో అది నూటికి నెలకు పది రూపాయలు దాటిన వడ్డీ. రెండు రూపాయల వడ్డీ భారమని 90,000 తీసుకెళ్లి ఇచ్చివచ్చినవారు ఏడెనిమిది వారాలు తిరగకుండానే పది రూపాయల వడ్డీకి వేలిముద్ర వేశారు. ఆ 90,000 కట్టినందువల్ల నాలుగు నెలలలో మీకు మిగిలే వడ్డీ 7,200 రూపాయలు. అదే నాలుగు నెలలలో యాప్‌కు అదనంగా పోయేది 10,000 రూపాయలు. డిపాజిట్ డబ్బులో సగం చేతిలో ఉంచుకుని ఉంటే ఈ అప్పు అవసరమే ఉండేది కాదు.

క్యాన్సర్ నుంచి బయటపడిన కుటుంబాలలో నేను తరచుగా చూస్తున్న పొరపాటు ఇదే. చికిత్స జరుగుతున్నన్నాళ్లూ డబ్బు విషయంలో జాగ్రత్తగానే ఉంటారు. డాక్టరు ‘ఇక ఆరు నెలలకొకసారి వస్తే చాలు’ అన్న రోజు నుంచి, ఖర్చు అయిపోయిందనీ అప్పు మాత్రమే మిగిలిందనీ లెక్క వేసుకుంటారు. చేతికి వచ్చిన ప్రతి రూపాయినీ అప్పుకే పోసి, ఖాతాను ఖాళీ చేసుకుని కూర్చుంటారు. కానీ మీకు హార్మోను మాత్ర అయిదేళ్లు వాడమన్నారు, అంటే 2029 వరకు. ఆ మాత్రవల్ల ఎముకలు పలచబడకుండా ఆరు నెలలకొక ఇంజెక్షను, ఏడాదికొకసారి మామోగ్రామ్, ఎముకల సాంద్రత పరీక్ష, రక్తపరీక్షలు, వీటన్నిటికీ ప్రయాణాలు ఉన్నాయి. మార్చి స్కానింగుతో కలిపి గడచిన పన్నెండు నెలలలో ఇలా అయినది 78,000 రూపాయలని ఆ కాగితంలో మీరే రాశారు. దీనిలో పాలసీ నుంచి ఒక్క రూపాయి రాలేదు, రాదు కూడా. మీ పాలసీ ఆస్పత్రి మంచం ఎక్కినప్పుడే పలుకుతుంది. ఈ ఖర్చులన్నీ మంచం ఎక్కకుండా అయ్యేవి.

మీ వారు సామెతలో ఒక ముక్కే చెప్పారు. రుణశేషంతో పాటు వ్రణశేషం, అంటే మానకుండా మిగిలిన పుండు, కూడా ఉంచరాదని పెద్దలు అంటారు. మీ ఇంట్లో ఆ రెండోదానికి 2029 వరకు ఖర్చు ఉందని తెలిసి కూడా, దానికి పైసా కేటాయించకుండా మొదటిదాని మీదే పడుతున్నారు. పైగా, అప్పు తీర్చడానికి అదే యాప్‌లో మరో 76,800 తీసుకోవడం అప్పు తీర్చడం ఎలా అవుతుంది? పదకొండు శాతం వడ్డీకి ఉన్న బంగారం అప్పును తెంచి, నూరు శాతం దాటిన వడ్డీని నెత్తికెత్తుకోవడమవుతుంది. మీ పరిమితి లక్షకు పెంచామని వారు పంపిన సందేశాన్ని మీ మీద నమ్మకమని భావించారు గానీ, ఒకసారి అవసరంలో దొరికినవారు మళ్లీ దొరుకుతారన్న లెక్క అది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం చార్జీలన్నీ కలిపిన వార్షిక వడ్డీ రేటును అప్పు ఇచ్చేముందే చూపించాలి. మీ ఫోనులో ఆ పత్రం తెరిచి ఆ ఒక్క అంకె మీ వారికి చూపించండి. నేను ఇంతకు మించి వాదించనవసరం ఉండదు.

ఇక చిట్టీ డబ్బు 2,76,000 సంగతి. చిట్టీ పాడుకోండి, అభ్యంతరం లేదు, చివరి నాలుగు వాయిదాలే మిగిలాయి కాబట్టి పాటలో పోయేదీ తక్కువే. ఆ డబ్బులో మొట్టమొదట 28,600 పాలసీ ప్రీమియానికి తీసి పెట్టండి. తర్వాత యాప్ అప్పు 22,800 ఒకేసారి కట్టి తెంచుకోండి. మూడోది, 1,20,000 రూపాయలతో అత్యవసర నిధి. ఏడాది వైద్యపు ఖర్చు 78,000, ఒక నెల ఇంటి ఖర్చు 38,000 కలిపితే వచ్చిన అంకెకు కాస్త పైన వేశాను. ఇవన్నీ పోగా మిగిలిన దానిలో నుంచి లక్ష రూపాయలు చేబదులుకు కట్టండి. చేతిలో ఇంకా 4,600 మిగులుతాయి. చేబదులు 50,000కు దిగుతుంది. ఇప్పటిదాకా యాప్ వాయిదాకూ, చేబదులు వడ్డీకీ కలిపి నెలకు 14,400 ఎలాగో సర్దుతున్నారు కదా, మరో నాలుగు నెలలు అలాగే సర్దితే ఆ 50,000 వడ్డీతో సహా తీరిపోతుంది. అదే సమయానికి చిట్టీ వాయిదాలూ అయిపోతాయి. అప్పటినుంచి ఈ 14,400కు చిట్టీ వాయిదా కూడా కలిసి మీకు నెలకు 26,400 వెసులుబాటు వస్తుంది. దానిలో 6,500 అత్యవసర నిధిలో తరిగినది పూడ్చడానికి పోనిచ్చి, మిగతాది బంగారానికి కడుతూ వస్తే తొమ్మిది పది నెలలలో నగలు ఇంటికి వస్తాయి. దసరాకు రావు. వచ్చే వేసవి దాటాక వస్తాయి.

ఇరవై నాలుగు శాతం వడ్డీ అప్పు ఉంచుకుని, బ్యాంకులో ఆరు శాతానికి డబ్బు పెట్టుకోవడం తెలివితక్కువ కాదా అని మీరు లెక్కల అధ్యాపకురాలు కాకపోయినా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ పద్ధతిలో చేబదులు మీద మీరు అదనంగా కట్టే వడ్డీ నాలుగు నెలలకు 2,400 లోపు. నిధిలో మిగతా భాగాన్ని బంగారం అప్పుకు కట్టనందువల్ల వచ్చే తేడా ఏడాదికి 3,500 దాకా ఉంటుంది. అంటే లక్షా ఇరవై వేలు అందుబాటులో ఉంచుకున్నందుకు ఏడాదికి అయ్యే ఖర్చు ఆరు వేల లోపు. మార్చిలో చేతిలో డబ్బు లేనందుకు మీరు నాలుగు నెలలకు కడుతున్నది పది వేలు. డాక్టరు ‘స్కానింగ్ చేయించండి’ అన్నప్పుడు డబ్బు సర్దుబాటయ్యాక వెళ్దామని పదిహేను రోజులు వాయిదా వేశామని కూడా ఆ కాగితంలోనే రాశారు. దానికి నేను వడ్డీ లెక్క కట్టలేను.

ఈ నిధి ఎక్కడ ఉంచాలన్నది కూడా ముఖ్యమే, ఎందుకంటే మన ఇళ్లలో నిధులు కరిగిపోయేది జబ్బులవల్ల కన్నా చేతికి అందుబాటులో ఉండడంవల్లే. జీతం పడే ఖాతాలో వద్దు. వేరే బ్యాంకులో ఇద్దరి పేర్ల మీద ఖాతా తెరిచి, 50,000 పొదుపు ఖాతాలోనూ 70,000 ఎప్పుడైనా రద్దు చేసుకోగల డిపాజిట్లోనూ ఉంచండి. ఆ ఖాతాను ఫోన్‌పేకు తగిలించకండి. రాగి తీగ ధర తగ్గిందనీ, నాలుగు బండిళ్లు కొని పడేస్తే సీజనులో కలిసి వస్తుందనీ మీ వారికి అనిపించే రోజు తప్పకుండా వస్తుంది. షాపు సరుకుకు ఈ డబ్బుతో సంబంధం లేదని ఇప్పుడే మాట అనుకోండి. నడుం నొప్పి మళ్లీ వస్తే ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా మరుసటి రోజు స్కానింగుకు వెళ్లగలగాలి. ఆ డబ్బు పని అదొక్కటే.

పాలసీ విషయంలో మీ బావగారి సలహా వింటే, నిధి ఎంత ఉన్నా చాలదు. మీరు ఇదివరకు క్లెయిము చేశారన్న కారణంతో కంపెనీ రెన్యువల్ నిరాకరించకూడదు, మీ ఒక్కరి జబ్బును చూపి ప్రీమియం పెంచకూడదు. బీమా నియంత్రణ సంస్థ నిబంధన అది. ఈ రక్షణ పాలసీ తెగకుండా ఉన్నంతవరకే. మానేసి కొత్తది అడిగితే, క్యాన్సర్ చికిత్స ముగిసి రెండేళ్లయిన మనిషికి పాలసీ ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. ఇచ్చినా పాత జబ్బుకు మూడేళ్లదాకా నిరీక్షణ కాలం పెట్టవచ్చు. మీకు నిఘా అవసరమైన కాలమంతా అందులోనే గడిచిపోతుంది. జబ్బు సంగతి రాయకపోయినా ఫర్వాలేదన్న ఏజెంటుతో ఇక మాట్లాడకండి. కమీషను అతనికి ఈ నెలలోనే వస్తుంది, దాచిన జబ్బు బయటపడి క్లెయిము తిరస్కరించిన రోజున ఆస్పత్రి కౌంటరు ముందు నిలబడేది మీరు. జూన్ 18 దాటినా 30 రోజులలోపు కడితే పాత హక్కులు నిలుస్తాయి గానీ, ఆ మధ్య రోజులలో ఆస్పత్రిలో చేరితే రక్షణ ఉండదు కాబట్టి ఆ వెసులుబాటును నమ్ముకోవద్దు. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. ప్రీమియం నోటీసులో ఆ వరుస కనిపిస్తే అడగండి. మీ 5 లక్షలు నాలుగో కీమోకే అయిపోయాయి కాబట్టి, మీ వారికీ పిల్లలకూ కలిపి ఒక సూపర్ టాప్-అప్ (ఉన్న పాలసీ మొత్తం దాటిన ఖర్చుకు పలికే అదనపు పాలసీ) తీసుకునే ఆలోచన బంగారం అప్పు తీరాక చేయండి. మీ వారికి టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా, లేకపోతే అది అంతకన్నా ముందు.

ఖర్చు తగ్గించుకునే దారులు కొన్ని ఉన్నాయి. క్యాన్సర్ రోగులు చికిత్సకు గానీ మధ్య మధ్య పరీక్షలకు గానీ వెళ్లేటప్పుడు రైలులో స్లీపరు, థర్డ్ ఏసీ తరగతులలో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉన్నాయి. ఆస్పత్రివారు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఇవ్వాలి. తెనాలి జంక్షనులో ఉండి 9,500 పెట్టి కారు మాట్లాడుకోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. హార్మోను మాత్ర జన ఔషధి కేంద్రంలో దొరుకుతుందేమో, సాధారణ పరీక్షలలో ఏవి మంగళగిరి ఎయిమ్స్‌లో చేయించుకోవచ్చో మీ డాక్టరునే అడగండి. క్యాన్సర్ చికిత్సకు ఇచ్చే 40,000 ఆదాయపు పన్ను మినహాయింపు పాత విధానంలోనే ఉంది. మీ జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు కనుక ఆ ఊసు మీకు అక్కరలేదు. సిప్ ఇప్పుడు వద్దు. బాబు ఇంజినీరింగుకు బ్యాంకు విద్యారుణం తీసుకోండి. మీ ఇంట్లో ఉన్న అప్పులన్నిటిలో అదొక్కటే సిగ్గుపడనక్కరలేనిది.

చేబదులు లక్ష కట్టేటప్పుడు ప్రామిసరీ నోటు వెనుక తేదీ వేయించి, చెల్లు రాయించుకుని, సంతకం పెట్టించండి. జనవరిలో కట్టిన 90,000కు రాయించారో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. బంగారం అప్పు గడువు ఎప్పుడో రసీదులో చూసి, ఆ తేదీకి వడ్డీ కట్టి తిరగరాయించుకోండి, లేకపోతే వేలం నోటీసు వస్తుంది. యాప్ అప్పు తీరాక బాకీ లేదన్న పత్రం దించుకుని, మీ బ్యాంకుకు వెళ్లి ఆటో డెబిట్ అనుమతిని రద్దు చేయించి, ఆ తర్వాతే యాప్‌ను ఫోనులో నుంచి తీసేయండి. ముందే తీసేస్తే పత్రం కోసం మళ్లీ దానినే ఎక్కించుకోవలసి వస్తుంది, పరిమితి ఈసారి లక్షన్నరకు పెంచామన్న సందేశమూ దానితో పాటే వస్తుంది.