ఒళ్ళు రావాలన్నదీ వాళ్ళే, తగ్గాలంటున్నదీ వాళ్ళే

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్ళు. పుట్టిల్లు పాలకొల్లు దగ్గర, ఇచ్చింది అమలాపురం. పెళ్ళికి ముందు 43 కేజీలుండేదాన్ని. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్ల మరీ పీలగా ఉందన్నారని అమ్మ రోజూ సున్నుండలు, మినపరొట్టెలు పెట్టేది. మందుల షాపాయన ఇచ్చిన తెల్ల బిళ్ళలు కూడా రెండు నెలలు మింగాను. పాప పుట్టాక 60 దాటాను. అప్పుడు ఇన్‌స్టాలో నడుము సన్నగా, వెనక నిండుగా ఉంటేనే అందం అన్నారు. యూట్యూబ్ చూసి స్క్వాట్లు చేశాను, ప్యాడ్లున్న షేప్‌వేర్ కొన్నాను. ఇప్పుడు అదీ పోయింది, అందరూ పుల్లల్లా అయిపోతున్నారు. మా తోటికోడలు హైదరాబాద్‌లో వారం వారం ఇంజెక్షన్ తీసుకుని 14 కేజీలు తగ్గింది, ఏ ఫంక్షన్‌లో చూసినా ఆవిడ ఊసే. నా ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 61. రాత్రి అన్నం మానేశాను గానీ పదకొండింటికి వంటింట్లో నిలబడి పూతరేకుల డబ్బా ఖాళీ చేసి ఏడుస్తున్నాను. ఫోటోల్లో పడకుండా ఉండొచ్చని అన్ని ఫంక్షన్లకీ నేనే ఫోటోలు తీస్తున్నాను. మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "బాగానే ఉన్నావు కదా" అంటారు. శ్రావణంలో ఆడపడుచు పెళ్ళి. చీటీ పాడిన డబ్బులున్నాయి. ఆ ఇంజెక్షన్ తెప్పించుకోమంటారా? చెల్లెలనుకుని తిట్టినా సరే, నువ్వు అనే రాయండి.

జవాబు: చెల్లీ, తిట్టను గానీ ముందు అడిగినదానికి సూటిగా చెప్తాను. తెప్పించుకోవద్దు.

ఆ మందు చెడ్డదని కాదు. ఇలా వారం వారం వేసే సూదుల్లో ఒకటి సెమాగ్లుటైడ్, అది మొదట షుగర్ కోసం వచ్చింది, అమెరికాలో 2017లో షుగర్‌కీ, 2021లో బరువు తగ్గడానికీ అనుమతి ఇచ్చారు. మన దేశంలో 2025 మార్చిలో అదే కోవకి చెందిన మౌంజారో, జూన్‌లో వెగోవీ పేరుతో సెమాగ్లుటైడ్ అమ్మకానికి వచ్చాయి, అప్పట్నుంచి పెళ్ళిళ్ళ పందిళ్ళలో కూడా ఇదే మాట. నిజంగా ఊబకాయంతో మోకాళ్ళు అరిగి, షుగరూ బీపీ చుట్టుకున్నవాళ్ళకి అది పెద్ద ఊరట. మీ తోటికోడలికి కూడా డాక్టరే రాసి ఉండొచ్చు, అది ఆవిడ ఆరోగ్యం సంగతి, ఆవిడ మీద కోపం పెట్టుకోకు. అయితే ఆ మందు బరువు కోసం ఇవ్వాలంటే బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క, 30 దాటాలి, లేదా 27 దాటి దానితో పాటు షుగరో బీపీయో ఉండాలి. నువ్వు రాసిన ఎత్తూ బరువూ వేసి చూస్తే 24.7 వచ్చింది. మనవాళ్ళకి 23 దాటితే బరువు కాస్త ఎక్కువనీ, 25 దాటితే ఊబకాయమనీ మన డాక్టర్లు లెక్కేస్తారు కాబట్టి నీ బరువు అసలు లెక్కలోకి రాదని అబద్ధం చెప్పను. కాకపోతే అది నడకతో, వేళకి తిండితో సర్దుకునే బరువు, సూది దాకా వెళ్ళే బరువు కాదు.

ఇంకో సంగతి. ఆ మందు తిన్నది పొట్టలోంచి కదలడాన్ని నెమ్మది చేసి, ఆకలిని అణుస్తుంది. వికారం, వాంతులు మామూలే, పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు, అరుదుగా క్లోమం వాస్తుంది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే సెమాగ్లుటైడ్‌ని కనీసం రెండు నెలల ముందే ఆపాలి. ఆపితే ఏమవుతుందో కూడా పరిశోధన చేసి చూశారు: ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మళ్ళీ వచ్చేసింది. అంటే ఈ శ్రావణంలో పొగిడిన నోళ్ళే వచ్చే శ్రావణంలో ఇంకోలా మాట్లాడతాయి, నీ చీటీ డబ్బులు మాత్రం వెనక్కి రావు.

నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఆ తెల్ల బిళ్ళల దగ్గర నేను ఆగిపోయాను. ఒళ్ళు రావడానికని డాక్టర్ చీటీ లేకుండా ఇచ్చేవాటిలో తరచుగా ఉండేవి రెండు, ఒకటి డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్, రెండోది ఆకలి పెంచే సైప్రోహెప్టాడిన్. స్టెరాయిడ్‌తో బుగ్గలు గుండ్రంగా వస్తాయి, ఇంట్లోవాళ్ళు "అమ్మయ్య, మొహం తేరింది" అని సంబరపడతారు. నిజానికి అది నీరూ కొవ్వూను. ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ వస్తుంది, ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదకి రావచ్చు. నువ్వు మింగింది రెండు నెలలే, అదీ పెళ్ళికి ముందు మాట, కాబట్టి ఇప్పుడు టెన్షన్ పడక్కర్లేదు. కానీ అప్పుడు ఒళ్ళు రావడానికి ఎవరో ఇచ్చిన బిళ్ళ, ఇప్పుడు ఒళ్ళు పోవడానికి ఎవరో తెప్పించే సూది. రెండుసార్లూ డాక్టర్ లేడు, రెండుసార్లూ పెళ్ళే కారణం. ఇది నీకు కనబడిందో లేదో.

మీ అమ్మని తప్పు పట్టను. ఆనకట్ట రాకముందు కరువులు చూసిన నేల మనది, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల్లో నీళ్ళు పారాకే ఇక్కడ మూడుపూటలా తిండి అనే మాట వచ్చింది. అందుకే మన వైపు ఆడపిల్ల ఒంటి మీద కండ కనబడితే ఆ ఇంట్లో గాదె నిండి ఉందని అర్థం. పిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి, పెళ్ళి కుదిరితే సున్నుండలు, నెల తప్పితే ఇంకో రకం. కొత్త కోడలు పుట్టింటికి వస్తే ముందు చూసేది ఆ పిల్ల జబ్బలే. చిక్కితే "అత్తారింట్లో తిండి పెట్టట్లేదా" అంటారు, నాలుగు కేజీలు పెరిగితే "అత్తారింటి నీళ్ళు బాగా పడ్డట్టున్నాయి" అని మురుస్తారు. ఆ మురిపెం ఎంతసేపు? పాప పుట్టాక అదే పెద్దమ్మ "ఏంటే ఇలా ఊరిపోయావు" అంటుంది. నీ ఒంటిని చూసి వాళ్ళు చదివేది నీ కాపురాన్నీ, మీ వాళ్ళ కలిమినీ. అది చదవడం వాళ్ళు ఈ జన్మకి మానరు గానీ ప్రతిసారీ ఆ పరీక్షకి నువ్వు కూర్చోవాలని ఏమీ లేదు.

ఇక ట్రెండ్ల సంగతికొద్దాం. అంజలీదేవి గారిది మన పెద్దాపురమే. ఆవిడా సావిత్రి గారూ తెర మీద వెలిగిన రోజుల్లో బొద్దుగా ఉండటం లోపం కాదు, నిండుదనం. అదే కాలంలో, 1966లో, లండన్‌లో ట్విగ్గీ అని పదహారేళ్ళ పిల్ల, కొలతలు చూస్తే బడికెళ్ళే పిల్లాడి ఒళ్ళు, ఆ ఏడాది ఫ్యాషన్ మొహం అన్నారు. 90ల్లో అక్కడ ఎముకలు కనబడేంత సన్నం. 2008లో కరీనా కపూర్ పుణ్యమా అని సైజ్ జీరో అనే మాట మన కాలేజీ అమ్మాయిల దాకా వచ్చింది. మరో అయిదారేళ్ళకి అమెరికాలో కర్దాషియన్ అక్కాచెల్లెళ్ళ ఫోటోలు చూసి పొట్టలో కొవ్వు తీసి పిరుదుల్లోకి ఎక్కించుకోవడం మొదలెట్టారు. ఆ ఆపరేషన్‌లో మూడు వేల మందిలో ఒకరి దాకా చనిపోతున్నారని 2018లో ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలే హెచ్చరించాయి. నువ్వు స్క్వాట్లు చేసింది ఆ గాలి మన లంకల దాకా వచ్చినప్పుడే. ఇప్పుడేమో ఇంజెక్షన్లతో మళ్ళీ పుల్లల కాలం. పోనీ మనదే గొప్ప అందామా అంటే, నర్సాపురంలో పుట్టిన బాపు గారి బొమ్మ మాత్రం? ఆ జడ, ఆ కళ్ళు, ఆ నడుము ఉన్న పిల్ల ఏ రేవులోనూ నీళ్ళు మోయలేదు, అది కాగితం మీద ఒక మహానుభావుడి గీత. బాపు బొమ్మలా ఉన్నావంటే నాకూ సంతోషమే గానీ, అదీ కొలబద్దే.

29 ఏళ్ళకే నువ్వు మూడు ఫ్యాషన్ల వెంట పరిగెత్తావు, మూడింట్లోనూ నువ్వు చేరేసరికి అవతల ఇంకోటి వచ్చేసింది. నీకు పట్టుదల లేక ఓడిపోయావని అనుకుంటున్నావు. కాదు. ఎముకా కండా కొవ్వూ కదలడానికి ఏళ్ళు పడతాయి, వాళ్ళు సరుకు మార్చడానికి ఒక సీజన్ చాలు. ఆ లెక్క ఎప్పటికీ కలవదు, అమ్మేవాళ్ళకి అది కలవకపోవడమే లాభం. ఇంత బలంగా ఎందుకంటున్నానంటే ఫిజీలో జరిగింది ఉంది. మన తెలుగువాళ్ళు కూడా ఒకప్పుడు చెరకు తోటల కూలికి వెళ్ళిన దేశమే అది. అక్కడి ఆదివాసులకి నిండైన ఒళ్ళంటే గౌరవం, ఎవరైనా చిక్కితే బెంగపడేవాళ్ళు, అచ్చం మన అమ్మమ్మల్లాగే. ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. మూడేళ్ళ తర్వాత అక్కడి స్కూలు పిల్లల్ని అడిగితే 74 శాతం మంది అప్పుడప్పుడైనా మేం లావుగా ఉన్నామనిపిస్తోందన్నారు, సన్నబడటానికి వాంతి చేసుకునేవాళ్ళు కూడా తేలారు. మూడేళ్ళలో ఆ పిల్లల ఒళ్ళు మారిపోయిందా? చూసే బొమ్మలు మారాయి. వాళ్ళది సాయంత్రం పూట టీవీ, నీ చేతిలో ఉన్నది ఇరవై నాలుగు గంటల ఫోన్. అందుకని ఇవాళే ఓ అరగంట కూర్చుని నడుము కొలతలూ, ముందూ వెనకా ఫోటోలూ పెట్టేవాళ్ళనందరినీ అన్‌ఫాలో కొట్టు, వచ్చిన ప్రతి రీల్‌కీ నాట్ ఇంట్రెస్టెడ్ నొక్కు. నాలుగు రోజులు అది మొండికేస్తుంది, తర్వాత ముగ్గులో, కుండీల్లో మొక్కలో చూపిస్తుంది.

అసలు పని రాత్రి భోజనం దగ్గరుంది. పగలంతా కడుపు మాడ్చుకుని, రాత్రి అన్నం మానేసి, పదకొండింటికి వంటింట్లోకి వెళ్తే ఒళ్ళు ఊరుకుంటుందా, దానికి కావలసిన పంచదార ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. దాన్ని నిగ్రహం లేకపోవడం అని పేరు పెట్టకు, అది ఆకలి. రేపట్నుంచి ఎనిమిది లోపు పాపతో పాటు కూర్చుని తిను. రెండు గరిటెల అన్నం, పప్పు, కూర, శీలావతి ముక్కో గుడ్డో, చివర మజ్జిగ. పూతరేకు తినాలనిపిస్తే సాయంత్రం కాఫీతో పళ్ళెంలో పెట్టుకుని, కూర్చుని, ఒకటి తిను, ఎవరికీ దాచక్కర్లేదు. మన ఆత్రేయపురం సరుకుకి మనమే దొంగలమవ్వడం ఏమిటి! రెండు మూడు వారాలైనా ఆ అర్ధరాత్రి తిండి ఆగకపోయినా, తిన్నది కక్కాలనిపించినా అది మనసు డాక్టర్‌కి చూపించుకోవలసిన జబ్బు, సిగ్గుపడేది కాదు. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

షేప్‌వేర్ మీద నాకు పెద్ద పగ లేదు, పెళ్ళిలో మూడు గంటలు వేసుకుని చీర కుచ్చిళ్ళు బాగా కూర్చుంటే వేసుకో. రోజంతా మాత్రం వద్దు. మన వైపు ఉక్కలో ఆ సాగే గుడ్డ లోపల చెమట ఎటూ పోదు, గజ్జల్లో తామర పట్టుకుంటే ఆరు నెలలు గోకుతూ కూర్చోవాలి. బొందు లంగాయే అంతంతమాత్రం, నడుం చుట్టూ నల్లగా ఒరుసుకున్న గీత మన అమ్మలందరికీ ఉంది. అసలు మంచి పని ఇంకోటుంది, బీరువాలో 'తగ్గాక వేసుకుంటా' అని దాచిన జాకెట్లు తీసి కుట్లు విప్పించు, లోపల మడత ఉంటే వదులు చేస్తారు, లేనివి ఎవరికైనా ఇచ్చెయ్. ఆడపడుచు పెళ్ళికి ఇప్పుడున్న కొలతలతోనే కొత్తది కుట్టించుకో, టైలరమ్మతో "కాస్త బిగుతుగా పెట్టండి, అప్పటికి తగ్గుతాను" అనకుండా.

నోళ్ళకి జవాబు కూడా ఆలోచించి పెట్టుకో, లేకపోతే ఆ క్షణంలో నవ్వి ఊరుకుని ఇంటికొచ్చి ఏడుస్తావు. గోదారమ్మాయివి, వెటకారం నీకు నేను నేర్పాలా? ఊరిపోయావేంటే అంటే "మీ ఇంటి బియ్యం అలాంటివి అత్తయ్యా, ఓ బస్తా పంపించండి" అను. మళ్ళీ అంటే మాత్రం నవ్వకుండా "నా బరువు గురించి వద్దండి, వేరే ఏమైనా మాట్లాడుకుందాం" అని తేల్చెయ్. ఒకసారి మొహం మాడుతుంది, రెండోసారి అడగడం మానేస్తారు.

మీ ఆయన విషయంలో నేను ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. "నేను లావుగా ఉన్నానా" అనే ప్రశ్నకి మగాడు ఏం చెప్పినా దొరికిపోతాడు, అందుకే ఫోన్లో దాక్కుంటాడు. ఆ ప్రశ్న మాని, జరుగుతున్నది చెప్పు: రాత్రి లేచి తింటున్నాననీ, ఏడుస్తున్నాననీ, ఇంజెక్షన్ తెప్పించుకోబోయాననీ. ఆయనకి ఇవేవీ తెలియవని నీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. తర్వాత ఒక పని అప్పజెప్పు, ఈ పెళ్ళిలో ఫోన్ ఆయన చేతికిచ్చి ఫోటోలు ఆయన్నే తీయమను. మీ పాప పుట్టిన దగ్గర్నుంచి ఫంక్షన్ల ఫోటోలన్నీ ఓసారి తిరగెయ్, పాప పక్కన నాన్న ఉంటాడు, నాన్నమ్మ ఉంటుంది, నువ్వుండవు. పదేళ్ళు పోయాక ఆ పిల్ల అడుగుతుంది కదా.

ఇక ఒళ్ళు పట్టించుకోవద్దనట్లేదు. దర్జీ టేపు నీ దగ్గర ఎలాగూ ఉంది కాబట్టి మూడు నెలలకి ఒకసారి, రోజూ కాదు, బొడ్డు కాస్త పైన నడుము కొలుచుకో. మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని లెక్క. సన్నగా కనబడుతూ పొట్టలోపల కొవ్వున్నవాళ్ళూ మనలో చాలామందే, కాబట్టి పుల్లలా ఉన్నవాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. సాయంత్రం కాలవగట్టు మీద ముప్పావుగంట చురుగ్గా నడువు, ఆ స్క్వాట్లు కూడా మానకు, అవి వెనక భాగం కోసం కాకపోయినా మోకాళ్ళకి మంచివి.

చీటీ డబ్బుల్లోంచి ముందు రక్తపరీక్షలు చేయించుకో: థైరాయిడ్, మూడు నెలల షుగర్, హిమోగ్లోబిన్, విటమిన్ డి. నెలసరి వేళకి రాకపోతే ఆడడాక్టర్‌కి ఆ మాట చెప్పి పీసీఓడీ ఉందేమో చూడమను, ఎందుకంటే థైరాయిడ్‌లో గానీ దీంట్లో గానీ తేడా ఉంటే బరువు సంగతి వేరే, మందు వేరే. మిగతా డబ్బు నీ పేరు మీదే బ్యాంకులో వెయ్యి. రిపోర్టులు వచ్చాక రాయి, అప్పుడు చూద్దాం.