గుంటూరులో ఒక్కదాన్నే తిరిగి షాపులూ హోటళ్లూ చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: బదిలీ మీద గుంటూరు వచ్చారు, బ్రాడీపేటలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నారు. సెలవు రోజుల్లో ఊరు చూడాలని ఉంది కానీ తోడు ఎవరూ లేరు. ఒక్కరే షాపుల్లోకి వెళ్లాలన్నా, హోటల్లో ఒక్కరే కూర్చుని తినాలన్నా మొహమాటంగా ఉంది. ఎలా అలవాటు చేసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

నేనూ బదిలీ మీదే ఈ ఊరొచ్చాను. చుట్టాలు లేరు, స్నేహితులు లేరు. నడిచి నడిచి తెలుసుకున్న ఊరు కాబట్టి మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది. ముందుగా ఒక్క మాట గట్టిగా చెబుతాను. తోడు దొరికేదాకా ఆగకండి. నలుగురం కలిసి వెళ్తే మన కబుర్లు మనకే సరిపోతాయి. షాపతను మనల్ని పలకరించడు, మనమూ అతని మొహం సరిగ్గా చూడం. ఒక్కరే వెళ్తే ఎవరో ఒకరు మాట కలుపుతారు. నాకు ఈ ఊళ్లో తెలిసినవాళ్లలో సగం మంది అలా కౌంటర్ల దగ్గర పరిచయమైనవాళ్లే.

మీరు దిగింది బ్రాడీపేటలో కావడం బాగా కలిసొచ్చింది. బ్రాడీపేట, అరండల్‌పేట రెండూ గళ్ల నోటుపుస్తకంలా ఉంటాయి. ఒకవైపు లైన్లు, వాటిని కోస్తూ అడ్డరోడ్లు. అడ్రసు కూడా అంకెల్లోనే చెబుతారు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. "అన్నా, నాలుగు బై పద్నాలుగు ఎటు?" అంటే చాలు, చెయ్యెత్తి చూపిస్తారు. ఇక్కడ దారి తప్పడం చాలా కష్టం. ఫోన్లో మ్యాపు చూసుకుంటూ తల వంచుకుని నడవక్కర్లేదు, హాయిగా బోర్డులు చదువుకుంటూ పోవచ్చు. ఒక రోజు ఒక లైను చివరిదాకా వెళ్లి, పక్క లైన్లో వెనక్కి రండి. అంతకంటే ఎక్కువ పెట్టుకోవద్దు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ఆసుపత్రులు, జిరాక్సు షాపులు ఉన్న పేట కాబట్టి పుస్తకాల సంచీతో ఒంటరిగా నడిచే ఆడపిల్ల అక్కడ ఎవరికీ వింత కాదు. అందుకే మొహమాటం పోగొట్టుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఊళ్లో లేదంటాను. రెండు పేటలకీ మధ్య రైలు పట్టాలున్నాయి. శంకర్ విలాస్ దగ్గర వంతెన పనుల వల్ల దారి మళ్లిస్తుంటారు, అరండల్‌పేట వెళ్లేటప్పుడు హాస్టల్లో అడిగి బయల్దేరండి. వాన పడితే మాత్రం పట్టాల కింద నుంచి పోయే మూడొంతెనల దారి వద్దు, నీళ్లు నిలుస్తాయి.

ఇక షాపుల సంగతి. ఊరికే చూడ్డానికి వెళ్తే ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. "ఏం కావాలి మేడం?" అనగానే సమాధానం ఉండదు, రెండు నిమిషాల్లో బయటికొచ్చేస్తాం. అందుకని ప్రతిసారీ ఒక చిన్న పని పెట్టుకుని వెళ్లండి. చెప్పు తెగింది, గడియారానికి సెల్లు వేయాలి, కళ్లజోడు స్క్రూ వదులైంది, చీరకు ఫాల్ కుట్టించాలి, కుక్కరుకు గ్యాస్కెట్ కావాలి. ఇలాంటి పని చేతిలో ఉంటే షాపులో నిలబడటానికి మనకో హక్కు ఉన్నట్టుంటుంది. పైగా బాగుచేసేవాళ్లు చేతులతో పని చేసుకుంటూనే మాట్లాడతారు. వాళ్లకు చుట్టుపక్కల నాలుగు వీధుల సంగతులూ తెలుసు. మంచి టైలరు ఎవరు, ఏ మెస్సులో పప్పు బాగుంటుంది, ఏ వీధిలో రాత్రి లైట్లు వెలగవు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మ్యాచింగ్ సెంటర్లు. చీర తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టండి. లోపల గోడ పొడవునా రంగు రంగుల బ్లౌజు బట్టల తానులు నిలువుగా పేర్చి ఉంటాయి. కొత్తవాళ్లకు పది రకాల ఆకుపచ్చలు ఒకేలా కనిపిస్తాయి. కుర్రాడు చీర అంచు ఒకసారి చూసి, వెతకకుండానే మూడు తానులు లాగుతాడు. తర్వాత చీర కొంగూ ఆ మూడు గుడ్డలూ పట్టుకుని గుమ్మం బయటికి వెళ్తాడు. ట్యూబులైటు కింద సరిపోయిన రంగు ఎండలో తేడా కొడుతుంది కదా, అందుకు. మీరూ వెంట వెళ్లండి. పగటి వెలుగులో రెండు గుడ్డలు తేలిపోతాయి, మూడోది చీరలో కలిసిపోతుంది. అప్పుడు అడగండి, ఎలా పట్టుకున్నావు బాబూ అని. ఒక అబ్బాయి నాకు చెప్పింది బాగా గుర్తుంది. చీర మొత్తం చూడకూడదట, అంచులో ఒక్క పోగు చూడాలట. అప్పట్నుంచి నేనూ బట్టల రంగు అలాగే చూస్తున్నాను. ఈ షాపులకు సాయంత్రం వెళ్లకండి, జనం ఎక్కువ, పైగా ఎండ ఉండదు. ఉదయం పదకొండు ప్రాంతంలో వెళ్తే తీరిగ్గా చూపిస్తారు.

ఒక్కరే కూర్చుని తినడం గురించి. ఇది నిజంగా ఉండే ఇబ్బందే, కొట్టిపారేయను. నేను చెప్పేది ఏమిటంటే భోజనంతో మొదలుపెట్టకండి, టిఫినుతో మొదలుపెట్టండి. భోజనమంటే అరగంట కూర్చోవాలి, చుట్టూ కుటుంబాలు ఉంటాయి. టిఫిను హోటల్లో ఉదయం ఏడున్నరకు వచ్చేవాళ్లలో చాలామంది ఒంటరిగానే వస్తారు. డ్యూటీకి పోయే నర్సులు, కోచింగ్ పిల్లలు, వాకింగ్ ముగించుకున్న పెద్దాయనలు. బల్ల మీద ఎదురుగా ఎవరో వచ్చి కూర్చుంటారు, అది మామూలే. "ఎవరైనా ఉన్నారామ్మా?" అని అడిగితే "లేరండీ, కూర్చోండి" అంటే సరిపోతుంది. కూర్చునే ధైర్యం ఇంకా రాలేదంటే ముందు నిలబడి తినే చోటుకి వెళ్లండి. అక్కడ పళ్లెం చేతిలో ఉంటుంది, చూపు పెనం మీద ఉంటుంది, మొహమాటపడే తీరికే దొరకదు. ఇడ్లీ అడిగితే కారప్పొడి, నెయ్యి వేయమని చెప్పండి. ఈ ఊరి కారప్పొడి నాలిక మీద గట్టిగానే తగులుతుంది, అలవాటు లేకపోతే మొదట కొంచెమే వేయించుకోండి. నచ్చిన చోటుకి మళ్లీ మళ్లీ వెళ్లండి. కొత్త హోటళ్లు వెతకడం కంటే ఒకే హోటల్లో మొహం తెలియడం ముఖ్యం. సర్వరు మనల్ని చూడగానే "ఉల్లి దోసేనా అమ్మా?" అన్న రోజు నుంచి ఆ పేట మన సొంతమైనట్టు అనిపిస్తుంది.

సాయంత్రమైతే మిరపకాయ బజ్జీల బండి. దాని గురించి గుంటూరులో నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. రద్దీ ఉన్న బండి దగ్గరే తినండి, నూనె రంగు చూసుకోండి. బజ్జీ మధ్యకు చీల్చి ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండిస్తే ఘాటు కొంత తగ్గుతుంది.

ఏసీ కేఫ్‌లు లక్ష్మీపురం వైపు ఉన్నాయి. పుస్తకమో ల్యాప్‌టాపో పెట్టుకుని గంటసేపు కూర్చోవాలంటే బాగానే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ పట్టించుకోకపోవడం వల్లే నాకు అవి ఊరు తెలుసుకోవడానికి పనికొచ్చేవిగా అనిపించలేదు. ఊరికే కూర్చోవాలంటే నా ఓటు బృందావన్ గార్డెన్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఆవరణలో ఉన్న అన్నమయ్య గ్రంథాలయానికి. లంకా సూర్యనారాయణ గారు జీవితమంతా పోగుచేసిన పుస్తకాలతో మొదలైంది. లక్షకు పైగా పుస్తకాలున్నాయి, పాత పత్రికలు కూడా. ఒంటరిగా వెళ్లడమే సహజంగా అనిపించే చోటు అది. చదువుకుని, దర్శనం చేసుకుని రావచ్చు.

నాలుగైదు వారాలు ఇలా మీ పేట అలవాటయ్యాక పట్నం బజార్ వెళ్లండి. జిన్నా టవర్ సెంటర్ దాకా ఆటోలో వెళ్లి అక్కడి నుంచి నడవండి. ఆరు స్తంభాల మీద గోపురంతో ఉండే ఆ టవరు స్వాతంత్ర్యానికి ముందు కట్టింది, ఆటోవాళ్లందరికీ గుర్తు. బజారు వీధులు ఇరుకు, లారీ సరుకు దిగుతూ ఉంటుంది, తోపుడు బండ్లు అడ్డం వస్తాయి. బ్రాడీపేటలా నింపాదిగా నడవలేరు. అయినా తప్పకుండా వెళ్లాలి, ముఖ్యంగా ఎండుమిర్చి కోసం.

మిర్చి యార్డు చూడాలని చాలామంది అంటారు. అక్కడ లెక్క టిక్కీల్లో, అంటే పెద్ద మిర్చి బస్తాల్లో ఉంటుంది, అరకిలో కొనే మనతో వాళ్లకు పని ఉండదు. చిల్లర దుకాణంలోనే ఎక్కువ నేర్చుకుంటాం. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు కూడా ఇస్తారు. దుకాణానికి వెళ్లి "బాబాయ్, అరకిలో మిరపకాయలు" అంటే "దేనికమ్మా?" అని అడుగుతారు. అక్కడే అసలు కబురు మొదలవుతుంది. కారం కోసమైతే ఒకటి, తాలింపుకైతే ఇంకొకటి, పచ్చడి రంగుకైతే మరొకటి. తేజ సన్నగా ఉంటుంది, ఘాటు ఎక్కువ. ముడతలు పడి ముదురు ఎరుపులో ఉండేది బాడిగ, రంగు బాగా ఇస్తుంది, మంట తక్కువ. 334 అనే రకం ఇళ్లలో కారానికి ఎక్కువ వాడతారు. ఒక పెద్దాయన నా చేతిలో కాయ పెట్టి చెవి దగ్గర ఊపమన్నారు. బాగా ఎండినదైతే లోపల గింజలు గలగలలాడతాయి. తర్వాత తొడిమ తుంచి, కాయ చీల్చి లోపలి తొక్క చూపించారు. బయట ఎర్రగా ఉండి లోపల నల్లమచ్చ ఉంటే తీసుకోవద్దన్నారు. తెల్లబారిన తాలు కాయలు పక్క బస్తాలో ఉన్నాయి, అవి తక్కువ ధర. "చేయి కళ్లకు పెట్టుకోకమ్మా" అని నీళ్ల మగ్గు ఇచ్చారు. ఇదంతా అరకిలో కొన్నందుకు. నలుగురితో వెళ్లి ఉంటే తూచి, పొట్లం కట్టి పంపేసేవారు.

ఒక సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది. మాట కలిపినవాళ్లు "ఏ ఊరమ్మా? ఒక్కదానివే ఉంటున్నావా? పెళ్లయిందా?" అని అడుగుతారు. చాలావరకు అది ఆరా తీయడం కాదు, ఇక్కడ పలకరింపే అలా ఉంటుంది. ఊరి పేరు చెప్పండి. మిగతావాటికి నవ్వి, "మీ షాపు పెట్టి ఎన్నేళ్లయిందండీ?" అని మీరే అడగండి, కబురు అటు మళ్లుతుంది. హాస్టల్ పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి, ఎంత మంచివాళ్లనిపించినా సరే. ఎవరి తీరైనా నచ్చకపోతే సంజాయిషీ అక్కర్లేదు, డబ్బులిచ్చి బయటికి రండి. పక్కనే అలాంటి షాపు ఇంకోటి ఉంటుంది.

వేళల విషయానికొస్తే, ఎండాకాలంలో మధ్యాహ్నం వద్దే వద్దు, గుంటూరు ఎండ ఎలాంటిదో మీకే తెలుస్తుంది. ఉదయం లేదా ఐదు దాటాక బయల్దేరండి. రాత్రి ఎనిమిదిన్నరకల్లా రూముకి చేరేలా చూసుకోండి, ఆ తర్వాత అడ్డరోడ్లు ఖాళీ అవుతాయి, మెయిన్ రోడ్డు మీదుగానే రండి. ఆదివారం చాలా టోకు దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి పట్నం బజార్ శనివారం పెట్టుకోండి. చిల్లర, ఒక గుడ్డసంచీ, నీళ్ల సీసా దగ్గర ఉంచుకోండి. షాపులో ఫొటో తీయాలనిపిస్తే ముందు అడగండి. అడిగితే సంతోషంగా ఒప్పుకుంటారు, కొందరు సరుకు సర్ది మరీ నిలబడతారు.

మీరు బ్రాడీపేటలో ఎన్నో లైన్లో ఉంటున్నారో ఇక్కడ రాయకండి. ముందు చేయాలనుకుంటున్న పని ఏమిటో మాత్రం రాయండి, టైలరా, చెప్పులు కుట్టించడమా, కారం పట్టించడమా. దానికి ఏ వీధి వైపు నడవాలో చెబుతాను.