వరస ఎవరిదో అడగడం మొదలుపెట్టాక నాకు దొరికిన పాటలు

ఈ మధ్య కాలంలో కొత్తగా విని, మళ్లీ మళ్లీ వింటున్న పాటలు, ఆల్బమ్‌లు ఏవి, అవి మీకు ఎలా దొరికాయి అని మీరు అడిగారు. గత రెండేళ్లుగా నేను విడవకుండా వింటున్నవి ఎక్కువగా కర్ణాటక సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తి గారు వరస కట్టిన అన్నమాచార్య సంకీర్తనలు, వాటి వెంట నాకు పరిచయమైన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి ‘బాలాజీ పంచరత్నమాల’, ఆ తరువాత కొన్ని రేడియో లలిత గీతాలు. ఇవేవీ కొత్తగా విడుదలైనవి కావు. నేను పుట్టక ముందు రికార్డయినవి కూడా వీటిలో ఉన్నాయి. నాకు మాత్రం ఇవి కొత్తవే, ఎందుకంటే నలభై ఏళ్లు వచ్చేదాకా ఒక పాట నచ్చితే పాడినవారి పేరు తప్ప మరో పేరు వెతకాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

నా తరంలో చాలామందికి లాగే నాకు కూడా అన్నమయ్య పాటలంటే మొదట 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ సినిమా పాటలే. అప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. పెళ్లి పందిళ్లలోను, గుడి మైకుల్లోను ఏడాది పొడుగునా ఆ పాటలే వినిపించేవి. కీరవాణి గారి సంగీతంలో వాటిని అన్నిసార్లు విన్నాక, ఆ మాటలకు అదొక్కటే వరస అని మనసులో ముద్ర పడిపోయింది. అది సహజమే, ఏ పాటనైనా మొదట విన్న వరసే మనకు అసలు వరసగా తోస్తుంది.

రెండేళ్ల క్రితం సంక్రాంతికి విశాఖపట్నంలోని మా ఇంటికి వెళ్లినప్పుడు, అటక మీది సామాను దించుతుంటే అమ్మ దాచుకున్న క్యాసెట్లు ఒక అట్టపెట్టె నిండా దొరికాయి. టేపురికార్డరు పాడై ఏళ్లు గడిచాయి. రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లి, సాగిపోయిన రబ్బరు బెల్టు మార్పించి, పండగ మరునాడు సాయంత్రం ఒక క్యాసెట్ పెట్టాను. ‘ఏమొకో చిగురుటధరమున’ వచ్చింది. నాకు బాగా తెలిసిన పాట, కానీ వరస పూర్తిగా వేరు. “ఈ పాటను ఎవరు మార్చారమ్మా?” అని అడిగాను. పప్పు ఏరుతున్న అమ్మ తల ఎత్తకుండానే, “మార్చడమేమిట్రా? పాట అన్నమయ్యది, వరస ఆయనది కాదు. వరసలు ఈ కాలం వాళ్లు కట్టినవే. ఎవరు కట్టారో ఆ కాగితం మీద రాసి ఉంటుంది చూడు” అంది. క్యాసెట్ డబ్బాలోని మడత కాగితం విప్పి చూస్తే, పాడినవారి ఫొటో కింద, కళ్లద్దాలు లేకుండా చదవలేనంత చిన్న అక్షరాల్లో ‘స్వరకల్పన: నేదునూరి కృష్ణమూర్తి’ అని ఉంది.

అమ్మ మాట ఎంత నిజమో ఆ తరువాత చదువుతుంటే నాకు తెలిసివచ్చింది. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 వరకు జీవించారు. ఆయన సంకీర్తనలను, ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు, మనుమడు చిన తిరుమలాచార్యులు రచించిన వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. చాలాకాలం మరుగున ఉండిపోయిన ఆ రేకులు ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించి అచ్చుకు సిద్ధం చేశారు. ముప్పై రెండు వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి ఉన్నా, దొరికినవి సుమారు పధ్నాలుగు వేలు. రేకు మీద పాట పక్కన రాగం పేరు ఉంటుంది కానీ, దాన్ని ఎలా పాడాలో తెలిపే స్వరం ఉండదు. అందువల్ల ఈ రోజు మనం కచేరీల్లో, రికార్డుల్లో వినే అన్నమయ్య పాటల్లో చాలావాటికి ఇద్దరు కర్తలు: మాటలు కూర్చినవారు అయిదు వందల ఏళ్ల క్రితం వారు, వరస కట్టినవారు మన తాతల, తండ్రుల కాలం వారు. కొన్నిచోట్ల రేకు మీది రాగాన్ని కూడా పక్కన పెట్టి వేరే రాగంలో కట్టారు.

పండగ అయి హైదరాబాదు తిరిగి వచ్చాక, నేదునూరి గారు వరస కట్టిన పాటలన్నీ ఒకచోట చేర్చుకోవాలని కూర్చున్నాను. నేను చందా కడుతున్న పాటల యాప్‌లో ఏ అన్నమయ్య పాట తెరిచినా ‘సంగీతం: అన్నమాచార్య’ అనే కనిపించింది. ఒకే పాటకు మూడు వరసలు ఉంటే మూడింటికీ అదే పేరు. ఇది చిన్న పొరపాటుగా నాకు అనిపించదు. ఒక మనిషి ఏళ్ల తరబడి ఒక పల్లవిని మనసులో తిప్పుకొని, ఏ మాట దగ్గర ఆగాలో, ఏ అక్షరాన్ని సాగదీయాలో తేల్చి ఇచ్చిన రూపం అది. ఆ పేరు తీసేస్తే, వినేవారికి ఆయన చేసిన మరో పాటకు వెళ్లే దారి మూసుకుపోతుంది. అందుకని పాత క్యాసెట్ల కాగితాలు, కచేరీల్లో గాయకులు పాటకు ముందు చెప్పే మాటలు, సంగీతం నేర్చుకున్న బంధువులు చెప్పిన సంగతులు ఆధారంగా ఒక నోటుపుస్తకంలో నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. నా కొత్త పాటలన్నీ ఆ పుస్తకం నుంచే వచ్చాయి.

‘ఏమొకో చిగురుటధరమున’ పాటను నేదునూరి గారు తిలంగ్ రాగంలో కట్టారు. రిషభం, ధైవతం అనే రెండు స్వరాలను పక్కన పెట్టిన రాగం కనుక తేలికగా, కొంచెం చిలిపిగా వినిపిస్తుంది. నాయిక పెదవి మీద అక్కడక్కడ కస్తూరి అంటి ఉంటే, అది ఆమె విభునికి రాసిన ఉత్తరం కాదు కదా అని చెలికత్తెలు ఒకరినొకరు అడుగుతారు. మొదటి చరణంలో ఆమె కనుకొలకులు ఎర్రబారి కనిపిస్తాయి. ప్రియుడి మీద నాటిన చూపులను ఊడబెరికితే అంటిన నెత్తురు కాదు కదా అంటారు. చరణం చరణానికీ ‘కాదు కదా’ అన్న మాట తిరిగి వస్తుంది. సినిమా పాటగా విన్నంతకాలం నేను ఆ రెండు మాటలను పట్టించుకోనే లేదు. ఈ వరసలో మాత్రం, తెలిసిన జవాబును తెలియనట్టు అడిగే ఆడపిల్లల గొంతు నాకు ఆ చోటనే వినిపించింది. పాట అర్థం నాకు వరస వల్ల తెలియడం అదే మొదటిసారి.

‘నానాటి బదుకు నాటకము’ వరస కూడా ఆయనదే. రాగం రేవతి. ఇందులో గాంధారం, ధైవతం లేవు. మిగిలిన అయిదు స్వరాలతో వేదపఠనాన్ని తలపించే గంభీరత దానికి వచ్చింది. ‘పుట్టుటయు నిజము, పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము’ అన్న మాటలను ఏడుపు గొంతుతో పాడించే వరస కట్టడం కష్టం కాదు. నేదునూరి గారు అలా చేయలేదు. ఎవరి మీదా ఫిర్యాదు లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పే పెద్దమనిషి మాటలా ఆ వరస సాగుతుంది. మా నాన్నగారు పోయిన ఏడాది ఈ పాట నాకు తెలిసి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

నేదునూరి గారు 1927లో పుట్టారు. 1991లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. 2014లో విశాఖపట్నంలో కన్నుమూశారు. నేను చదువుకున్న ఊళ్లోనే, నేను రోజూ బస్సెక్కి తిరిగిన వీధులకు దగ్గరలోనే ఆయన ఉన్నారు. ఆయన కచేరీకి ఒక్కసారి కూడా వెళ్లకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆయన శిష్యులైన మల్లాది సోదరుల గొంతుల్లో ఆ వరసలు ఇప్పటికీ వినవచ్చు. నేను అన్నిటికన్నా ఎక్కువగా విన్నది వారినే.

‘బాలాజీ పంచరత్నమాల’ నాకు ఈ దారిలోనే దొరికింది. తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో సుబ్బులక్ష్మి గారు పాడగా అయిదు ఎల్పీ రికార్డులుగా వచ్చిన ఆల్బమ్ ఇది. అన్నమయ్య పాటలతో పాటు సంస్కృత స్తోత్రాలు కూడా ఇందులో ఉన్నాయి. ఆమె 1916లో జన్మించారు కనుక, అప్పటికి అరవై దాటిన వయసు. దేశమంతా పేరున్న విదుషి, మాతృభాష కాని భాషలో, అంతవరకు తాను పాడని పాటలను నేదునూరి గారి వంటి వారి దగ్గర కూర్చుని శ్రద్ధగా నేర్చుకొని పాడారు. ‘చేరి యశోదకు శిశువితడు’ మోహన రాగంలో విన్నప్పుడు తెలుగు అక్షరం ఎంత శుభ్రంగా పలకవచ్చో తెలిసింది. మొదట్లో నేను దీన్ని ఫోనులో ముక్కలు ముక్కలుగా, నచ్చిన పాట నచ్చినప్పుడు పెట్టుకొని విన్నాను. తరువాత రికార్డుల వరుస ప్రకారం, ఒక ఎల్పీ ఒక పూట చొప్పున వింటే, స్తోత్రం తరువాత వచ్చే తెలుగు పాట గుడి లోపలి నుంచి వీధిలోకి వచ్చినట్టు వినిపించింది. వీలైతే మీరు కూడా ఆ వరుసలోనే వినండి.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వరసలు నాకు కొంచెం ఆలస్యంగా పట్టుబడ్డాయి. వందకు పైగా సంకీర్తనలకు ఆయన స్వరరచన చేశారు. ముఖారిలోని ‘బ్రహ్మ కడిగిన పాదము’, శంకరాభరణంలోని ‘అలరులు కురియగ ఆడెనదే’ ఆయన వరసలే. మొదటిసారి విన్నప్పుడు ఇవి చాలా నిదానంగా, పాఠంలా అనిపించాయి. ‘అలరులు కురియగ’ను నాలుగైదు రోజులు వరుసగా విన్నాక, ఆ నిదానంలోనే అలమేలుమంగ అడుగులు ఒక్కొక్కటిగా పడుతున్నట్టు తోచింది. తొందరపడి పక్కన పెట్టని పాటలు కొన్ని ఉండాలని అప్పటి నుంచి నాకు ఒక నియమం. నచ్చకపోయినా వారం రోజులు వింటాను.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి రామదాసు కీర్తనల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, తెలుగువారిలో వాటిని వినని వారు తక్కువ. నాకు కొత్తగా దొరికినవి ఆయన పాడిన తత్త్వాలు. ‘ఏమి సేతురా లింగా’ అన్న తత్త్వాన్ని పిల్లలకు కూడా అర్థమయ్యేలా, పాండిత్యం ఎక్కడా అడ్డు రాకుండా ఆయన పాడారు. అభిషేకానికి తేదలచిన నీళ్లు ఎంగిలివి, పూజకు తేదలచిన పూలు ఎంగిలివి అని దిగులుపడే ఆ భక్తుని మాట వింటే నవ్వు, కన్నీరు రెండూ వస్తాయి.

రేడియో లలిత గీతాలు మాత్రం ఇంకా నేను పూర్తిగా చూడని పెద్ద గది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి వారు ఆకాశవాణికి చేసిన పాటలు సినిమాకు సంబంధం లేకుండా ఇళ్లల్లోకి వచ్చాయి. తెల్లవారుజామున భక్తిరంజని వింటూ కాఫీ కలిపిన తరం మా అమ్మది. పాలగుమ్మి విశ్వనాథం గారు రాసి వరస కట్టగా వేదవతీ ప్రభాకర్ గారు పాడిన ‘అమ్మ దొంగా నిన్ను చూడకుంటే’ పాటను గత ఏడాది ఫోనులో వెతికి పెట్టి అమ్మకు వినిపించాను. ఆమె పల్లవి అందుకొని చరణాలతో సహా చివరిదాకా పాడింది. నన్ను, మా చెల్లిని నిద్రపుచ్చడానికి పాడిన పాట అదేనట. నాకు గుర్తు లేదు, చెల్లికి గుర్తుంది. అంటే నేను కొత్తగా కనుగొన్నాననుకున్న పాటను నేను మాటలు రాక ముందే విని ఉన్నాను.

ఎలా దొరికాయి అన్న మీ రెండో ప్రశ్నకు నా జవాబు కూడా ఇందులోనే ఉంది. మీకు ఎంతో ఇష్టమైన పాట ఒకటి తీసుకొని, దాని వరస ఎవరిదో కనుక్కోండి. ఆయనో, ఆమెనో చేసిన మరో అయిదు పాటలు వినండి, వాటిని ఎవరు పాడినా సరే. అదే పాటకు మరొకరు కట్టిన వరస ఉంటే, రెండింటినీ ఒకే రోజున కాకుండా వారం తేడాతో వినండి. వెంట వెంటనే వింటే పాత అలవాటే గెలుస్తుంది.

అమ్మ పెట్టెలో ఇంకా ఒక క్యాసెట్ మిగిలి ఉంది. దాని కాగితం చెదలు తినేసింది. ఎవరో స్త్రీ గొంతు, వెనక వయొలిన్, మృదంగం. రెండో వైపు మూడో పాటగా ‘అలరులు కురియగ’ వస్తుంది, అది రాళ్లపల్లి వారి వరస కాదు. అమ్మకు కూడా ఎవరిదో తెలియదు. ఈ నెలంతా నేను వింటున్నది అదే. నోటుపుస్తకంలో ఆ పాటకు ఒక గీత ఖాళీగా వదిలాను.