టువా హుక్ అంత గట్టిదైనా ఛాంపియన్ ఎందుకు కాలేదు?

మాస్టారూ, మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళంలో మీ దగ్గర బాక్సింగ్ నేర్చుకుంటున్న గుంటడికి పదిహేడేళ్లు, 5 అడుగుల 8 అంగుళాలు, 94 కిలోలు. ఎడంచేత్తో ఒక్కటిస్తే బ్యాగు పట్టుకున్నవాడు కూడా రెండడుగులు వెనక్కి పోతాడు. మూడో రౌండ్‌కి మాత్రం చేతులు దిగిపోతాయి. అందరూ వాణ్ని డేవిడ్ టువా అంటున్నారు. అంత దెబ్బ ఉన్న టువాయే ప్రపంచ ఛాంపియన్ కాలేదు కదా, ఎందుకని? మనవాడికి ఏం నేర్పాలి?

టువాకి హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ) జాబ్‌ని (ముందు చెయ్యి సూటిగా చాపి వేసే దెబ్బని) తినేసింది. ఎత్తు, బరువు, మేనేజర్లతో గొడవ, ఇవన్నీ దాని తర్వాతే.

సమోవాలో పుట్టి న్యూజిలాండ్ తరఫున ఆడిన టువా 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. ప్రొఫెషనల్‌గా 59 పోరాటాలు, 52 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. 1996 మార్చిలో జాన్ రూయిజ్‌ని 19 సెకన్లలో పడేశాడు. 1997లో ఒలెగ్ మస్కాయెవ్‌ని, 1998లో హసీమ్ రెహ్మాన్‌ని మధ్యలోనే ఆపించాడు. రెహ్మాన్‌కి తొమ్మిదో రౌండ్ గంట మోగాక తగిలిన దెబ్బ మీద ఇప్పటికీ వాదులాట ఉంది, అది వేరే సంగతి. చిత్రం ఏంటంటే, ఈ ముగ్గురూ తర్వాత హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ బెల్టు కట్టుకున్నారు. 2001 మార్చిలో అప్పటి ఛాంపియన్ ఇవాండర్ హోలీఫీల్డ్ మీద గెలిచి రూయిజ్, ఏప్రిల్‌లో ఇంకో ఛాంపియన్ లెనాక్స్ లూయిస్‌ని పడగొట్టి రెహ్మాన్, 2006లో అదే రెహ్మాన్‌ని ఓడించి మస్కాయెవ్. కొట్టినవాడికి మాత్రం దక్కలేదు.

పొట్టివాడు కాబట్టి కాలేదనే మాట నేను ఒప్పుకోను. ఛాంపియన్లయిన మార్సియానో, టైసన్ కూడా టువా ఎత్తువాళ్లే. పైగా 2001 ఆగస్టులో టువాని పాయింట్ల మీద ఓడించిన క్రిస్ బర్డ్ కొండలాంటి మనిషేం కాదు. బరువులో టువా కంటే తేలిక, దెబ్బలో అంతకంటే తేలిక. తల ఒక్కచోట నిలపలేదు, అంతే.

హుక్ జాబ్‌ని ఎలా తింటుందో చూడండి. ఎడం కాలు ముందుపెట్టి నిలబడే బాక్సర్‌కి జాబ్ వేసేదీ ఎడం చెయ్యే, హుక్ వేసేదీ ఎడం చెయ్యే. హుక్ కోసం బరువు ఎడం మోకాలి మీద దింపుకుని, మోచెయ్యి పక్కటెముకకి ఆనించి సిద్ధంగా ఉన్నవాడు ఆ చేతిని జాబ్‌కి పంపడు. పంపితే హుక్ పోతుందని వాడి భయం. అలా కాచుకుని కూర్చుంటాడు. జాబ్ లేకపోతే లోపలికి దారి లేదు, లోపలికి పోకపోతే హుక్ అందదు. 2000 నవంబరు 11న లాస్ వేగాస్‌లో లెనాక్స్ లూయిస్ ముందు జరిగింది ఇదే. లూయిస్ ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలు, బార 84 అంగుళాలు. టువా బార 70. ఆ 14 అంగుళాల తేడాలో పన్నెండు రౌండ్లూ లూయిస్ జాబ్ ఒక్కటే తిరిగింది. దగ్గరికొస్తే కౌగిలించుకుని బరువు మీదేసేవాడు. టువా నిటారుగా, ఒకే గీత మీద నడిచి వెళ్లాడు.

దీనికి మూడేళ్ల ముందు, 1997 జూన్‌లో శాక్రమెంటోలో ఐక్ ఇబియాబూచితో జరిగిన పోరు చూడండి. టువా ఓడిపోయాడు, కానీ నా లెక్కలో వాడి కెరీర్‌లో మేలైన రాత్రి అదే. ఇద్దరూ కలిసి 1,730 దెబ్బలు విసిరారు. హెవీవెయిట్‌లో అప్పటిదాకా లెక్కకెక్కిన వాటిలో అదే ఎక్కువ. అప్పుడు టువా బరువు సుమారు 102 కిలోలు, లూయిస్‌తో తలపడేనాటికి 111. ఆ తొమ్మిది కిలోలూ దెబ్బకేం కలపలేదు, పాదాలకి మాత్రం గుదిబండ అయ్యాయి. (ఇబియాబూచి కథ ఇంకా ఘోరం. ఒక్క ఓటమీ లేకుండా 1999లో అరెస్టయి, ఏళ్ల తరబడి జైల్లో ఉండిపోయాడు.) 2003లో టువాకి మేనేజర్లతో చెడి లెక్కలు కోర్టుకెక్కాయి. రెండేళ్లు రింగ్ ఎక్కలేదు. ముప్ఫై దాటాక రెండేళ్లంటే మాటలా!

ఇక మీ గుంటడి సంగతి. మొదటి ఆరు వారాలు ఒకటే నియమం పెట్టండి: ముందు రెండు జాబ్‌లు వెయ్యనిదే హుక్ వెయ్యకూడదు. రౌండ్‌కి పాతిక జాబ్‌లు తగ్గకూడదు, పక్కన ఇంకో కుర్రాణ్ని కూర్చోబెట్టి లెక్క రాయించండి. పొట్టివాడు జాబ్ మొహానికే వెయ్యాలని లేదు, ఛాతీకి వెయ్యమనండి. ఛాతీ తలలా పక్కకి తప్పుకోలేదు, జాబ్ తగులుతుంది. తగిలిన క్షణం అవతలివాడి పాదాలు ఆగుతాయి, మనకి కావలసింది అదే.

లోపలికి వెళ్లే దారి తాడు మీద నేర్పాలి. రెండు స్తంభాల మధ్య వాడి భుజం ఎత్తులో నైలాన్ తాడు కట్టండి, నాలుగైదు మీటర్లు చాలు. అవతలివాడి జాబ్ వస్తోందనుకుని తల కుడివైపు తప్పించాలి, అక్కడి నుంచి మోకాళ్లు వంచి తాడు కింద నుంచి ఎడమవైపు లేవాలి. లేచేసరికి బరువు దానంతటదే ఎడం కాలి మీద ఉంటుంది. హుక్‌కి ఇంతకు మించిన తయారీ లేదు. ఇప్పుడు ముందుకాలి మడమ బయటికి తిరగాలి, నడుం తిరగాలి, చెయ్యి చివర్న రావాలి. మోచెయ్యి కొక్కెంలా వంగి భుజం ఎత్తులో ఉండాలి, కుడి పిడికిలి దవడకి అతుక్కుని ఉండాలి. నడుం వంచి కిందికి చూస్తే మాత్రం అప్పర్‌కట్‌కి (కింద నుంచి పైకి వచ్చే దెబ్బకి) మొహం అప్పగించినట్టే, మోకాళ్లే వంగాలి. మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, రోజూ.

గట్టి దెబ్బ ఉన్న కుర్రాళ్లందరూ చేసే తప్పు ఇంకోటుంది. హుక్‌కి ముందు చెయ్యి వెనక్కి లాగుతారు. బ్యాగు తప్పుకోదు కాబట్టి ఆ తప్పు బ్యాగు మీద బయటపడదు. ఎదురుగా మనిషి ఉంటే అది వాడికి ఉత్తరం రాసి పంపినట్టు. చంకలో చిన్న తువ్వాలు మడిచి పెట్టండి. ముందే జారిపడితే చెయ్యి తొందరపడ్డట్టు, దెబ్బతోపాటు పడితే సరిగ్గా వేసినట్టు.

మూడో రౌండ్‌కి చేతులు దిగడానికి దమ్ము ఒక్కటే కారణం కాదు. పిడికిలి మొత్తం రౌండూ బిగించే ఉంచుతాడు, కొట్టేటప్పుడు ఊపిరి బిగబడతాడు, చూడండి కావాలంటే. పిడికిలి తగిలే క్షణంలోనే బిగియాలి, ప్రతి దెబ్బకీ ఊపిరి చప్పుడుగా బయటికి రావాలి. బ్యాగు మీద 15 సెకన్లు జోరుగా, 15 సెకన్లు తేలిగ్గా జాబ్ మాత్రమే. మూడు నిమిషాలకి ఆరు విడతలు వస్తాయి. నిమిషం విశ్రాంతి. మూడు రౌండ్లతో మొదలుపెట్టి ఆరు వారాల్లో ఆరు రౌండ్లకి తీసుకెళ్లండి.

మన వైపు వెయిట్‌లిఫ్టింగ్ గాలి ఎక్కువ. శ్రీకాకుళం గడ్డ మీద పెరిగిన కరణం మల్లీశ్వరి సిడ్నీలో పతకం తెచ్చింది, విజయనగరం పక్కన కొండవెలగాడలో లిఫ్టర్లు లేని వీధి వెతకాలి. ఆ బలం మంచిదే. కానీ లిఫ్టర్ ఒక్క ఎత్తుకి సర్వశక్తీ పెట్టి తర్వాత కూర్చుంటాడు, బాక్సర్‌కి కూర్చునే వీల్లేదు. వారానికి రెండు రోజులు, మూడేసి రెప్స్ చొప్పున ఐదు సెట్లు చాలు. స్పారింగ్ (ఎదురుగా మనిషితో చేసే సాధన పోరు) ముందురోజు బరువులు వద్దు.

బరువు వారానికి అరకిలో చొప్పున తగ్గించండి, అంతకంటే తొందరపడొద్దు. రాత్రి అన్నం సగం చేసి గుడ్లు, పెసలు పెంచండి. పొద్దున్న పరుగుకి ముందు పల్చటి చోడి (రాగి) అంబలిలో ఉప్పు వేసి ఇవ్వండి. నాగావళి ఇసుకలో పరుగు వారానికి ఒక్కసారే, రోజూ అయితే పిక్కలు పట్టేస్తాయి. చెమట పట్టాలని ప్లాస్టిక్ కోటు తొడిగి పరిగెత్తించే అలవాటు చాలాచోట్ల చూస్తాం. మన ఉక్కపోతలో అది ప్రాణం మీదికి తెస్తుంది. పోయేది నీళ్లే, కొవ్వు కాదు.

బ్యాగు గోనెసంచితో కుట్టించినదైతే ఒకటి చూసుకోండి. ఇసుక పోస్తే నెల తిరిగేసరికి అడుగున రాయిలా గట్టిపడుతుంది. శరీరం మీద కొట్టే హుక్ సరిగ్గా అక్కడే తగిలి మణికట్టు బెణుకుతుంది. పాత గుడ్డ పీలికలు దట్టంగా కూరి, బరువు చాలకపోతే కిలో ఇసుక మూటలు నాలుగైదు గుడ్డల మధ్యలో, వేర్వేరు ఎత్తుల్లో పెట్టండి. మీవాడికి 40 కిలోల బ్యాగు సరిపోతుంది. చేతికట్టు నాలుగున్నర మీటర్లది, స్పారింగ్‌కి 16 ఔన్సుల గ్లోవ్స్, తలకి గార్డు. లోపలికి దూరే కుర్రాడు నేర్చుకునేటప్పుడు ఎక్కువ దెబ్బలు తింటాడు కాబట్టి స్పారింగ్ వారానికి ఒకటి దాటనివ్వకండి. తలనొప్పో వాంతో అంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి, ఆయన సరేననేదాకా గ్లోవ్స్ ముట్టుకోకూడదు.

వీడియోలు చూపిస్తే రూయిజ్ పోరు మాత్రం చివర్లో చూపించండి. ఆ 19 సెకన్లు చూసిన కుర్రాడు ఇంక జాబ్ మాట వినడు. ముందు ఇబియాబూచి పోరు, తర్వాత లూయిస్ పోరు. సౌండ్ తీసేసి, టువా ఎడం చెయ్యి జాబ్‌కి ఎన్నిసార్లు బయటికొచ్చిందో రౌండ్ రౌండ్‌కీ వాడి చేతే నోట్‌బుక్కులో గీతలు పెట్టించండి.