సమాధానం: కార్చిచ్చు ఆరిన అడవిలో కాలు దిగబడితే

తిరుపతి దగ్గరి శేషాచలం అడవిలో మంట ఆరిన ఐదు రోజులకు నడుస్తుంటే కాలు దిగబడి బూటు అడుగు కరిగిందని, ఎందుకని అడిగారు. మీరు కాలు పెట్టింది బహుశా లోపల ఇంకా కాలుతున్న మొద్దు పైన. ఐదు రోజులైనా అలా జరిగిందంటే కారణం అదే అయి ఉంటుంది. ఇక్కడి కార్చిచ్చు ఎక్కువగా ఎండుటాకులు, గడ్డి మీదుగా పాకుతుంది. అవి త్వరగానే ఆరిపోతాయి. ఎండు మొద్దులు, వాటి వేర్లు మాత్రం పైకి పొగ కనిపించకుండా రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటాయి. వేరు కాలిన చోట గుంత మిగులుతుంది, దాన్ని బూడిద కప్పేస్తుంది.

అలాంటి చోట నడిచేటప్పుడు ఇవి చూసుకోండి. చాలామంది వదిలేసేది మొదటిది, బూడిద రంగు చూడటం.

1. బూడిద నల్లగా ఉంటే కట్టె సగం కాలినట్టు. తెల్లగా, మందంగా ఉంటే కట్టె పూర్తిగా కాలినట్టు. గుండ్రటి తెల్ల మచ్చ, దాని నుంచి గీతల్లా సాగిన బూడిద కనిపిస్తే అది మొద్దు, వేర్లు. చుట్టూ తిరిగి వెళ్లండి, దూరమైనా సరే.

2. తప్పనిసరైతే ముందు పొడవాటి కర్రతో పొడవండి. దిగితే వెనక్కి. గట్టిగా తగిలినా, చేతి వెనుక భాగాన్ని నేలకు తాకకుండా దగ్గరగా పెట్టి వేడి చూడండి.

3. పైకీ చూడండి. మొదలు కాలిన చెట్టు గాలి లేకున్నా కూలుతుంది. ఫొటోల కోసం దాని కింద ఆగడం శుద్ధ తెలివితక్కువతనం.

4. వాలులో ఒకరి కింద ఒకరు నడవద్దు, రాళ్లు దొర్లుతాయి.

తోలు బూట్లు, నూలు సాక్సులు వేసుకోండి. నైలాన్ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

ఎక్కడైనా పొగ కనిపిస్తే మట్టి కప్పి వచ్చేయకండి, కింద రాజుకుంటూనే ఉంటుంది. మీకు అనుమతి ఇచ్చిన అటవీ సిబ్బందికి చోటు చెప్పండి.